నడవడి దిద్దిన కోడలు

నడవడి దిద్దుబాటు నిలయంవారి వైద్యం ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదని అందరూ గ్రహించవలసిందిగా మనవి. రుజువు కావాలంటే మా వీధిలో ఒకింటి చిన్నకోడలిని చూడండి.

పదిహేనో ఏట పెద్దలకి ఎదురు చెబుతోందని కన్నవాళ్ళే ఆమెను నిలయంలో పెట్టారు. అక్కడ తుమ్మాలన్నా చెయ్యెత్తాలి, పంతులమ్మ "ఊఁ" అనాలి. పదకొండు నెలల్లో పిల్ల నోరు మూతపడింది. తుమ్ములు సైతం బుద్ధి తెచ్చుకున్నాయి.

ఇప్పుడామెకి నలభై. చెయ్యి మాత్రం ఇంకా లేస్తూనే ఉంది. ఆఫీసులో మంచినీళ్ళకని ఎత్తితే, పని కావాలంటోందనుకుని పై అధికారి ఫైళ్ళు పెంచాడు. అలా గొంతెండి మూడుసార్లు ఉత్తమ ఉద్యోగిని అయింది. రోడ్డు పక్కన తల గోక్కుందామని ఎత్తితే రెండు బస్సులు ఆగాయి, మర్యాదకి ఒకటెక్కింది. అత్తగారి ఆనందానికైతే పట్టపగ్గాల్లేవు. "మా కోడలు బంగారమమ్మా! పొలమారినా నన్నడిగే దగ్గుతుంది" అని వీధంతా చాటుకుంది.

ఇంత మేలు మనవరాలికి దక్కకపోతే ఎలా? చిన్నకోడలి పద్నాలుగేళ్ళ కూతురు తలుపులు దభాలున వేస్తోంది, పైగా "ఎందుకూ?" అని అడుగుతోంది. నిలయం వార్షికోత్సవం నాడే చేర్చేద్దామని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. మాట మొదలైన దగ్గర్నుంచీ చిన్నకోడలు చెయ్యెత్తే ఉంది.

"చూశారా, తనకీ ఇష్టమే" అన్నాడు భర్త.

వార్షికోత్సవంలో డైరెక్టరుగారు ఆమెను వేదికెక్కించారు. "ముళ్ళకంపను మల్లెతీగ చేశాం! అమ్మా, నీ మనసులో ఉన్నదంతా చెప్పు. అనుమతిస్తున్నాను" అని మైకు అందించారు.

పాతికేళ్ళకి దొరికిన అనుమతి!

"నా కూతుర్ని ఇక్కడ చేర్చను" అంది చిన్నకోడలు. "ముందు కాసిని మంచినీళ్ళివ్వండి."

తాగి, గంటన్నర మాట్లాడింది. నిలయం సంగతయ్యాక అత్తగారి గురక మీదికి కూడా వెళ్ళింది.

"దాన్ని ఆపరా!" అంది అత్తగారు కొడుకుతో.

"ఆపకమ్మా, ఇంకా చెప్పు!" అని కేకేసింది కూతురు.

చెప్పడం అయిపోయాక, కూతురి చెయ్యి పట్టుకుని, ఎవరినీ అడగకుండా బయటికి నడిచింది.

హాల్లో పిల్లల్ని చేర్చడానికొచ్చిన రెండొందలమంది తల్లిదండ్రులు మిగిలారు. అందరి కడుపులోనూ "మేమూ చేర్చం" అన్న మాటే. ఎవరైనా ముందు లేస్తే వెనకే లేద్దామని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకేసి చూశారు. ఈలోగా చేర్పు కాగితాలు వరసల వెంట వచ్చాయి. అందరూ సంతకాలు చేశారు.

వాళ్ళలో ఒక్కరూ ఆ నిలయంలో ఒక్కపూటైనా ఉన్నవాళ్ళు కారు. మనలాగే, ఎవరిళ్ళలో వాళ్ళు బుద్ధిగా పెరిగినవాళ్ళు.