టీపాట్‌లో అటామైజర్లు

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు గ్లెనిస్ జుట్టు కత్తిరించుకోవడానికి బయల్దేరింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా కిటికీ తెర వెనక నిలబడి చూసి, అప్పుడు మెర్విన్ టాటర్‌సాల్ తన అటామైజర్ల పెట్టె తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. మొత్తం ఐదు. ఈ-సిగరెట్‌లో ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చే బొటనవేలంత డబ్బీలు అవి. పదిహేను రోజులకోసారి కడగకపోతే లోపల జిగురు పేరుకుని, పీల్చినప్పుడల్లా మాడిన రొట్టె రుచి తగులుతుంది.

మెర్విన్ ముప్పై ఏళ్ళు రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చినవాడు. ఈ డబ్బీల పుణ్యమా అని ఏడేళ్ళ కిందట మానేశాడు. ద్రవంలో నికోటిన్ కూడా మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి మొన్న వసంతానికి సున్నా చేశాడు. ఇప్పుడు మిగిలింది కస్టర్డ్ వాసన ఒక్కటే. ఆ వాసనే గ్లెనిస్‌కు గిట్టదు. పోయిన నెల సూప్ గిన్నెలో ఒక డబ్బీ నానుతూ కనబడినప్పుడు ఆమె గొంతు పెంచకుండా ఒక మాట చెప్పింది. "ఇంకొక్కసారి ఇవి నా గిన్నెల్లో కనబడితే ఐదూ చెత్తబుట్టలోకి పోతాయి మెర్వ్. నువ్వు పక్కన నిలబడి చూస్తావు." డబ్బీలు పోతే తను మళ్ళీ సిగరెట్టు ముట్టించేస్తాడేమోనని మెర్విన్‌కు నిజంగానే భయం. అందుకే శుభ్రత విషయంలో ఆయన చాలా పద్ధతైన మనిషి.

ముందు బ్యాటరీలు ఊడదీసి నీళ్ళకు దూరంగా అలమారలో పెట్టాడు. మిగిలిన ద్రవం కాగితంతో తుడిచాడు. నల్లబడ్డ దూది పట్టకారుతో లాగేశాడు. రబ్బరు రింగులు విడిగా తీశాడు. ఇక గంటసేపు వేడినీళ్ళలో నానబెట్టాలి. అందులో కట్టుడుపళ్ళు కడిగే బిళ్ళ ఒకటి వేస్తే జిగురంతా విడిచిపోతుందని తను పనిచేసే బస్సు డిపోలో ఎవరో చెప్పారు. అత్తగారు ఎడ్నా వచ్చినప్పుడు వాడే బిళ్ళలు స్నానాలగదిలో ఎప్పుడూ ఉంటాయి. కావలసింది గిన్నె. నీళ్ళు చల్లారకూడదు, వాసన బయటికి రాకూడదు. మూతా, పైన ఉన్ని తొడుగూ ఉన్న పాత్ర ఆ ఇంట్లో ఒకటే ఉంది. గ్లెనిస్ గిన్నెలన్నది గాని టీపాట్ అనలేదని మెర్విన్ తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

టీపాట్ లోపల సబ్బు తగలకూడదన్నది ఆ టాడ్‌మోర్డన్ ఊళ్ళో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేని సంగతి. నీళ్ళతో తొలిచి బోర్లించడమే. ఏళ్ళ తరబడి టీ మరక పట్టి లోపల నల్లగా నిగనిగలాడేదే మంచి టీపాట్. ఇది గ్లెనిస్ తండ్రిది, నలభై ఏళ్ళ మరక. ఆయన పోయాక ఎడ్నా దాన్ని కూతురికిచ్చింది. వచ్చినప్పుడల్లా అందులో కాచిన టీయే తాగుతుంది. కంటి ఆపరేషన్ తర్వాత మొదటిసారిగా ఆవిడ ఈవేళ మూడింటికి వస్తోంది.

మెర్విన్ పైగదిలో గంటసేపు పేపరు చదువుకుని పదిన్నరకు దిగివచ్చాడు. అటామైజర్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. టీపాట్ లోపలి భాగం అంతకన్నా ఎక్కువ మెరుస్తోంది. నలభై ఏళ్ళ నలుపు ఆ ఒక్క బిళ్ళతో తుడిచిపెట్టుకుపోయి కొత్త వాష్‌బేసిన్‌లా తెల్లగా ఉంది.

మూడింటిలోగా ఆ నలుపు మళ్ళీ పట్టించాలని మెర్విన్ పనిలో దిగాడు. పదిసార్లు తొలిచి, ఇంట్లో ఉన్న ఇరవై టీ సంచులూ అందులో కుక్కి, సలసల కాగే నీళ్ళు పోసి, ఆవిరి మొహానికి కొడుతుంటే దాని మీదే వాలి కూర్చున్నాడు. అరగంట తర్వాత లేత పసుపు చార ఒకటి పడింది. నలుపు రావాలంటే ఇంకెంత టీ కావాలో లెక్కకు అందలేదు. కోటు తగిలించుకుని హేజెల్ కొట్టుకు పరిగెత్తాడు.

హేజెల్ ముప్పై ఏళ్ళుగా ఆ వీధి మొగలో కొట్టు నడుపుతోంది. రెండు వందల నలభై సంచుల డబ్బాలు రెండు పట్టుకుని, ఆవిరికి కళ్ళెర్రబడి నిలబడ్డ మెర్విన్‌ను చూసి ఆమె చేతిలో పని ఆపేసింది. ఇంత టీ ఎవరికని అడిగింది.

"మా అత్తగారి కోసం" అన్నాడు మెర్విన్. "మూడింటికల్లా అంతా సిద్ధం కావాలి."

సోమవారం ఎడ్నాను ఆసుపత్రికి తీసుకెళ్ళారని హేజెల్‌కు తెలుసు. ఎందుకో తెలియదు. ఒక ఇంట్లో ఒకేసారి ఇంత టీ కాచేది చావుకొచ్చినవాళ్ళ కోసమే. చావు కబురును నోరు తెరిచి అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. తల ఒక పక్కకు వంచి, "అయ్యో నాయనా" అని, చిల్లరతోపాటు ఒక బిస్కెట్ పొట్లం ఊరికే ఇచ్చింది. మెర్విన్ ఆ దయకు కారణం ఆలోచించే స్థితిలో లేడు.

పన్నెండింటికి పక్కింటి నార్మన్ చర్చి హాల్లోని పెద్ద టీ బాయిలర్‌ను తోపుడుబండి మీద తెచ్చి గుమ్మంలో దింపాడు. చావింటికి వెళ్ళేవాళ్ళలా నల్ల టై కట్టుకున్నాడు. మెర్విన్ కళ్ళకు బాయిలర్ తప్ప టై కనబడలేదు.

"హేజెల్ చెప్పింది" అన్నాడు నార్మన్ తన బూట్లకేసి చూస్తూ. "చాలా బాధేసింది మెర్వ్. నలభై ఏళ్ళ అనుబంధం."

హేజెల్ డిటెక్టివ్ పనికి పోవలసిందని మెర్విన్ అనుకున్నాడు. టీ సంచులు చూసే టీపాట్ సంగతి కనిపెట్టేసింది మరి. "నా చేతుల మీదే జరిగింది నార్మన్. గంటలో అంతా అయిపోయింది. నేను పైన పేపరు చదువుకుంటున్నా."

"బాధ తెలియకుండానే జరిగుంటుందిలే."

"వేడినీళ్ళు పోసి మూతపెట్టింది నేనే. తప్పంతా నాదే."

నార్మన్ ఆయన భుజం తట్టాడు. దుఃఖంలో మనిషి ఏదేదో మాట్లాడతాడని తర్వాత హేజెల్‌కు చెప్పాడట.

ఒంటిగంటకు ముందుగదిలో పదిహేనుమంది ఉన్నారు. ముక్కోణాలుగా కోసిన హామ్ శాండ్‌విచ్‌లు నాలుగు పళ్ళేలు, ఎండుపళ్ళ కేకులు రెండు, తడి గొడుగులు పదకొండు. అందరూ నల్లబట్టల్లో, మెల్లగా, వాన గురించి మాట్లాడుకుంటున్నారు. ఒక టీపాట్ పోతే వీధి మొత్తం కదిలిరావడం చూసి మెర్విన్‌కు గుండె కరిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లో బాయిలర్ కుళాయి కింద టీపాట్ పెట్టి, తారులాంటి టీ పోస్తూ, పారబోస్తూ, మళ్ళీ పోస్తూ ఉన్నాడు.

రెండింటికి గ్లెనిస్ వచ్చింది. కొత్త జుట్టు తడవకుండా ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని తలుపు తీసేసరికి నార్మన్ ఎదురొచ్చి, ఆమె చేతులు పట్టుకుని, మీ అమ్మలాంటి మనిషి మళ్ళీ పుట్టదన్నాడు.

గ్లెనిస్ మెట్ల మీద కూలబడింది. తల్లి ఆపరేషన్‌కు వెళ్ళిన రోజు తను పని మానుకుని వెంట వెళ్ళలేదన్న సంగతి ఒక్కటే గుర్తొచ్చింది. మెర్విన్ తడిచేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎప్పుడు?" అందామె.

"పదిన్నరకు" అన్నాడు మెర్విన్, ఇక దాచి లాభం లేదని. "నిన్ను మోసం చేద్దామని కాదు గ్లెన్. నీకు తెలిసేలోపే నల్లగా చేసేద్దామనుకున్నా."

"మా అమ్మనా?"

మెర్విన్ టీపాట్ ఆమె ఒళ్ళో పెట్టాడు. అత్తగారికేమీ కాలేదనీ, మూడింటికి వస్తుందనీ, ఈ జనం టీపాట్ కోసం వచ్చారనే తను అనుకుంటున్నాననీ చెప్పాడు. గ్లెనిస్ సంతోషంతో ఏడ్చింది. తర్వాత లోపలికి తొంగిచూసి ఇంకోసారి ఏడ్చింది. ఆ రెండో ఏడుపు ఆగాక చెత్తబుట్ట తెచ్చి ముందుగది మధ్యలో పెట్టి, అన్నీ తీసుకురమ్మంది.

మెర్విన్ ఐదు అటామైజర్లూ తెచ్చి ఆమె అరచేతిలో పోశాడు. వచ్చినవాళ్ళకు అప్పటికి సంగతి అర్థమైంది గాని, పొరపాటున వచ్చామని చెప్పి ఎలా లేవాలో తెలియక తలో శాండ్‌విచ్ అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకన్నా ముందే, టాక్సీ ఆగింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎడ్నా లోపలికొచ్చి, నల్లబట్టలన్నీ కలయజూసింది.

"ఎవరు పోయారు?"

అందరూ చేతిలోని శాండ్‌విచ్‌లకేసి చూసుకున్నారు. చివరికి హేజెల్ అంది. "మీరేనండీ."

ఎడ్నా మంచి కుర్చీ చూసుకుని కూర్చుని, ఒక పళ్ళెం తెప్పించుకుని, తన గురించి ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పించుకుంది. నార్మన్ చేత రెండుసార్లు చెప్పించుకుంది. అదంతా అయ్యాక టీ అడిగింది.

గ్లెనిస్ టీపాట్ తెచ్చి తల్లి ముందు పెట్టింది. "చూడమ్మా, నాన్న టీపాట్‌ను మెర్వ్ ఏం చేశాడో."

ఎడ్నా అద్దాలు తీసి, కొత్త కన్నుతో లోపలికి చూసింది. వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూసింది.

"దేంతో కడిగావు మెర్విన్?"

"మీ పళ్ళ బిళ్ళతో అత్తగారూ."

"నలభై ఏళ్ళు" అంది ఎడ్నా. "ఆయన దీన్ని కడగనిచ్చాడు కాదు. ఆయన పోయాక నువ్వైనా కడుగుతావని నీకిచ్చాను గ్లెనిస్. పదకొండేళ్ళుగా ఆ కషాయం తాగుతున్నాను, నాన్న గుర్తు కదా, నీ మనసు నొచ్చుకుంటుందని."

గ్లెనిస్ తల్లి పక్కన కూర్చుంది. "నాకూ ఆ టీ పడదమ్మా. నీ కోసమని ఉంచాను."

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని, మెల్లగా మొదలుపెట్టి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇంతకీ అడుగున ఈ పసుపు చారలేమిటని ఎడ్నా అడిగింది. మూడున్నర గంటలు కష్టపడి పట్టించానని మెర్విన్ చెప్పాడు.

"అదీ తీసెయ్" అంది ఎడ్నా.

గ్లెనిస్ అటామైజర్లు మొగుడి చేతిలో పెట్టేసి, చెత్తబుట్టను కాలితో పక్కకు నెట్టింది. ఇకనుంచి వంటింట్లోనే కడుక్కోమంది. మెర్విన్ ఆనందానికి హద్దు లేదు. నార్మన్ దగ్గరికొచ్చి, తమ ఇంట్లోనూ వాళ్ళ అమ్మనాటిది ఒకటుందనీ, ఆ బిళ్ళ పేరేమిటనీ చెవిలో అడిగాడు. హేజెల్ తనదీ ఉందంది. ఆ వెనక ఇంకో ముగ్గురు గొంతు సవరించుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మెర్విన్ తన అటామైజర్లు కడుక్కుందామని దర్జాగా వంటింట్లోకి వెళ్ళాడు గాని, వీధివాళ్ళు కడగమని తెచ్చిన పద్నాలుగు టీపాట్ల తర్వాత ఆయన వంతు వచ్చింది.