డాక్టరు చూపులు

జర్మనీలోని ముల్కెన్‌రోడ పట్టణంలో ఫ్యామిలీ డాక్టరు సమస్య శాశ్వతంగా పరిష్కారమైపోయిందని మేయర్ డెట్లెఫ్ గారు అగ్నిమాపక కేంద్రం హాల్లో ప్రకటించే నాటికి డాక్టరు ఒక్కడే తక్కువ. మిగతావన్నీ సిద్ధం. క్లినిక్ కోసం పాత తపాలా ఆఫీసుకు రంగులు వేయించారు. గుమ్మం ముందు చక్రాల కుర్చీల కోసం వాలుబాట కట్టించారు. ఇత్తడి బోర్డు కూడా బిగించి, పేరు చెక్కాల్సిన చోటు ఖాళీగా ఉంచారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతలో తొందరపాటు ఉంది. మేయర్ గారిలో అది లేదు, పేరు ఇంకా పెట్టలేదు.

ప్రభుత్వ బీమా కార్డు ఉన్న ప్రతి మనిషికీ సొంత ఊళ్లోనే వైద్యం అందాలన్నది తన చిన్ననాటి కల అని వారు సెలవిచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఇర్మ్‌గార్డ్ టీచరు. మేయర్ గారితో సహా ఊళ్లో సగం మందికి కిండర్‌గార్టెన్‌లో ముక్కు తుడిచింది ఆవిడే. వారి చిన్ననాటి కల అంతా మధ్యాహ్నం నిద్ర ఎగ్గొట్టడమేనని ఆవిడకు గుర్తుంది కానీ, ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడకు డాక్టరు అవసరం. బీపీ మాత్రలు రాసిచ్చే ముసలాయన ప్రాక్టీసు మూసేసి సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. పైగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఫోన్లు చేసింది. ఎక్కడా ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. బీమా ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అని అడిగారు. ప్రభుత్వానిదనగానే, కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదని ఎంతో మర్యాదగా చెప్పారు. ఒకచోట తెగించి ప్రైవేటు అంది. రేపు ఉదయం వస్తారా, మధ్యాహ్నమా అని అడిగేసరికి నిజాయితీగల మనిషి కాబట్టి హడలిపోయి ఫోను పెట్టేసింది.

ప్రకటన తర్వాత, పెళ్లిచూపుల్లాగే, డాక్టరు చూపులు మొదలయ్యాయి. శనివారం బ్యాండు మేళం, సరస్సు చుట్టూ షికారు, తర్వాత హాల్లో కాఫీ, ఇర్మ్‌గార్డ్ చేసిన గసగసాల కేకు. మొదట హాంబుర్గ్ నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. అడగందే అమ్మయినా పెట్టదని, కాఫీ పోస్తూ తన ఆయాసం సంగతి చెప్పింది ఆవిడ. నోటి నిండా కేకు పెట్టుకుని కాదనడం ఎవరి తరం? కారులోంచి సంచీ తెచ్చి బీపీ చూశాడు, గుండె చప్పుడు విన్నాడు, మాత్రలు రాసిచ్చాడు. వారం తిరక్కుండానే, సరస్సు తన భార్యకు నచ్చలేదని కబురు పెట్టాడు.

తర్వాతి శనివారం సందట్లో సడేమియా అంటూ మాంసం కొట్టు యజమాని నడుంనొప్పితో, అగ్నిమాపక దళపతి చెవిపోటుతో వచ్చారు. ఆపై వారం కుర్చీలు చాల్లేదు. చేతిలో కాఫీ కప్పు ఉంటే అతిథి సత్కారం కిందికే వస్తుంది గనుక అందరూ కప్పులు పట్టుకునే వరసలో కూర్చున్నారు. వచ్చిన డాక్టరు పొద్దువాలేసరికి ఊళ్లో సగం మందిని చూసేసి, కేకు ముట్టకుండా పారిపోయాడు.

మేయర్ గారు నిరుత్సాహపడే మనిషి కాదు. తన సభకు అంత జనం రావడం వారు పుట్టాక చూడలేదు. దానికి 'వైద్యులతో పౌరుల ముఖాముఖి' అని పేరు పెట్టి రాజధానికి నివేదించారు. మంత్రిగారు అవార్డు ఇచ్చి, రాష్ట్రమంతా ముల్కెన్‌రోడ మోడల్‌ని అనుసరించాలన్నారు. డాక్టరు వచ్చాడా అని ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కూడా కాదు.

వచ్చి కాదన్న డాక్టర్ల చలవతో ఊరు కోలుకుంది. ఒకరు ఇర్మ్‌గార్డ్ మాత్ర మార్చారు, ఇంకొకరు ఉప్పు తగ్గించారు. చివరికి వచ్చిన డాక్టర్ స్వాంత్యే అయితే మేజోళ్లు విప్పించి చీలమండలు నొక్కి చూసింది. పోయిన భర్త గురించి కూడా అడిగింది. ఇర్మ్‌గార్డ్‌కు కళ్లనీళ్లు వచ్చాయి. అంత ఓపిగ్గా తనతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

అప్పుడు ఆ డాక్టరమ్మ కప్పు కింద పెట్టి, "నేను వస్తాను" అంది.

ఇలాంటిది జరగొచ్చని ఎవరూ అనుకోలేదు.

"మా సరస్సు చూశారా?" అని మేయర్ గారు అనుమానంగా అడిగారు.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. ఊళ్లోవాళ్లందరూ హాల్లో ఉండి తీరాలన్నారు మేయర్ గారు. టీవీ వాళ్లు వస్తున్నారు మరి. ముల్కెన్‌రోడ వైద్య చరిత్రను వారు మధ్యయుగాల నుంచి ఎత్తుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం కలరా దగ్గరికి వచ్చేసరికి పక్క ఊళ్ల కార్లన్నీ క్లినిక్ ముందు బారులు తీరాయి. ప్రసంగం ముగిసేసరికి క్లినిక్‌లో పేర్ల జాబితా వాళ్లతోనే నిండిపోయింది. డాక్టరు దొరికింది కాబట్టి శనివారం చూపులూ ఆగిపోయాయి.

మాత్రలు అడుగంటాక ఇర్మ్‌గార్డ్ కార్డు పట్టుకుని వెళ్లింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి బీమా ఏదని అడిగి, కొత్తవాళ్లను తీసుకోవడం లేదని ఎంతో మర్యాదగా చెప్పింది. గొంతు గుర్తుపట్టి స్వాంత్యే తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"టీచర్, ఆయాసం ఎలా ఉంది?"

"మళ్లీ మొదలైందమ్మా. ఆ రోజు చూసినట్టు ఒక్కసారి చూడు."

"ఆ రోజు నేనింకా ఈ ఊరి డాక్టర్ని కాదు కదండీ. అందుకే తీరిగ్గా చూడగలిగాను."

డాక్టరమ్మ మీద ఇర్మ్‌గార్డ్‌కు కోపం రాలేదు, జాలేసింది. ఇంతలో లోపలి గదిలోంచి మేయర్ గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చారు. టీచర్ని చూడగానే వారి ముఖం విప్పారింది.

"సమయానికి వచ్చారు టీచర్. మన ఊరికి రెండో డాక్టర్ని తేవాలని కౌన్సిల్లో తీర్మానం చేశాం. శనివారం నుంచే మళ్లీ చూపులు. మీరు లేకపోతే జరగదు."

"నాకేం, వస్తాను. కానీ ఒరేయ్ డెట్లెఫ్, ఈసారి ఒప్పుకునేవాళ్లను మాత్రం పిలవకు."

మేయర్ గారు వెంటనే ఫోను తీసి దాన్ని పౌరుల సూచన కింద రాసుకున్నారు.