హెప్సిబా వ్యక్తిగత భారం

ఆ శనివారం పొద్దున హెప్సిబా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చంటివాడు పాలు తాగి పడుకోగానే కూతురు అక్షయ చేత పదమూడో ఎక్కం అప్పజెప్పించుకోవాలి. మామగారు మైలవరం నుంచి వచ్చేలోపు ఇల్లు బడిలా కనిపించాలి.

మామగారు బెంజమిన్ మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. "ఇంట్లో చదువేమిటి, క్రమశిక్షణ లేకుండా? వచ్చి చూస్తాను. నాకు నచ్చకపోతే జూన్‌లో హాస్టల్లో వేసేద్దాం" అని ఫోన్లో తేల్చేశారు. భర్త యేసుబాబు ఎప్పటిలాగే తలూపాడు, అదీ ఫోన్లోనే. హెప్సిబాకు ఒళ్లు మండిపోయింది. స్కూల్లో నలుగురి ముందు నోరు తెరవడమే మానేసిన పిల్ల, ఇంట్లో కూర్చోబెట్టాక ఇప్పుడిప్పుడే గొంతు విప్పుతోంది. దాన్ని తీసుకెళ్లి హాస్టల్లో పడేస్తారట!

ఆ మంటలోనే చర్చి సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టింది. మామగారి చుట్టాలు కూడా ఆ గ్రూపులో ఉన్నారు కాబట్టి సంగతి రాయకుండా, "నా వ్యక్తిగత భారం కోసం ఈ రోజు ప్రార్థించండి అక్కలారా" అని సరిపెట్టింది. అదే ఆమె చేసిన తప్పు. ఆ సంఘంలో పంటినొప్పిని పంటినొప్పి అనే రాస్తారు, స్థలం తగాదాను స్థలం తగాదా అనే రాస్తారు. పేరు పెట్టని భారం అంటే ఆ ఇంట్లో చెప్పుకోలేనిదేదో జరిగిందని అర్థం.

మొదట పైవాటా మాణిక్యమ్మ దిగింది. "పిల్లాడికి కామెర్లా? నాతో చెప్పకూడదూ?" అంటూ నిద్రపోతున్నవాణ్ని ఎత్తుకెళ్లి బాల్కనీ ఎండలో పడుకోబెట్టింది. వాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు.

"కామెర్లు లేవు, ఏమీ లేవు ఆంటీ! పిల్లాణ్ని ఇటివ్వండి!"

"పైకి అలాగే అంటారమ్మా. భారం ఉన్నవాళ్లెవరూ ఒప్పుకోరు."

ఈలోగా స్త్రీల సమాజం నాయకురాలు మార్త తనకు తోచింది తేల్చుకుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చెప్పుకోలేని భారమంటే మగాడు తాగుతున్నాడన్నమాటే. వెంటనే గవర్నర్‌పేటలో బట్టల షాపులో పనిచేస్తున్న యేసుబాబుకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ ఇంటి పరిస్థితి మాకు తెలిసింది. అధైర్యపడకు, త్వరగా ఇంటికి రా" అంది. కల్లు వాసన కూడా ఎరగని యేసుబాబు, ఇంట్లో ఎవరికో ఏదో అయిందని చెప్పులు మరిచిపోయి ఆటో ఎక్కాడు.

ఇక్కడ హెప్సిబా పళ్లు నూరుతోంది. ఒక చంకలో పిల్లాడు, రెండో చేతిలో ఎక్కాల పుస్తకం. "పదమూడు ఆర్లు ఎంతే?" అనేసరికి తలుపు చప్పుడు. ఉపవాస ప్రార్థన నుంచి తిన్నగా తెల్లచీరల్లో ఆడవాళ్లు దిగారు. ఒకావిడ అడక్కుండానే వంటింట్లో దూరి టీ పెట్టింది. ఇంకొకావిడ అక్షయను దగ్గరకు లాక్కుని, "నాన్న అమ్మను కొడతాడా తల్లీ?" అని అడిగింది. పిల్ల వెళ్లి పడగ్గది కర్టెన్ వెనక దాక్కుంది. పాస్టరు లాజరు గారు డోలక్‌తో సహా వచ్చి ఆదరణ పాట అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే బెంజమిన్ మాస్టారు మెట్ల దగ్గరకొచ్చారు. గుమ్మం నిండా చెప్పులు, లోపల తెల్లచీరలు, పాట. ఎవరో పోయారనుకుని ఆయన చేతిలో గొడుగు నేలకానించి అక్కడే ఆగిపోయారు. వెనకే ఆటో దిగిన కొడుకు, "నాన్నా, మీక్కూడా కబురొచ్చిందా?" అన్నాడు.

"ఎవర్రా?"

"తెలీదు నాన్నా!"

తండ్రీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు. ఏడుస్తూనే లోపలికొచ్చారు.

"చూశారా పశ్చాత్తాపం!" అంది మార్త. "ఇక తాగనని అందరి ముందూ ఒప్పేసుకో తమ్ముడూ."

"తాగుతున్నావట్రా!" అని మాస్టారు గొడుగెత్తారు.

"చాలు, ఆపండి!" అని అరిచింది హెప్సిబా. "ఇక్కడెవరూ చావలేదు. ఎవరికీ కామెర్లు లేవు. ఈయనకి టీ అలవాటే లేదు, ఇంక తాగుడెక్కడిది? నా భారం నా కూతురి చదువు! పొద్దుట్నుంచి దాన్ని ఒక్క ఎక్కం చెప్పనిచ్చారా? నలుగుర్ని చూస్తే దానికి నోరు పెగలదు, మీరు ఊరంతా వచ్చి కూర్చున్నారు! అయ్యగారూ, ఆ డోలక్ అవతల పెట్టండి! మాణిక్యమ్మ ఆంటీ, నా పిల్లాణ్ని మళ్లీ ముట్టుకుంటే ఊరుకోను! మావయ్యగారూ, గొడుగు దించి కూర్చోండి!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు. చంటివాడు కూడా ఏడుపాపి తల్లి మొహం చూశాడు. అప్పుడు కర్టెన్ వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. పదమూడో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా. పది దగ్గరకొచ్చేసరికి అక్షయ కర్టెన్ తొలగించుకుని ఇవతలికొచ్చి, తాతయ్య మొహంలోకే చూస్తూ ముగించింది. హెప్సిబాకు కళ్లనీళ్లు తిరిగాయి, కోపం మాత్రం తగ్గలేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సర్వీసంతా బెత్తం పట్టుకు తిరిగానమ్మాయ్. ఇంత క్రమశిక్షణ నా బళ్లో ఒక్కపూట చూడలేదు. పిల్ల ఇక్కడే చదువుతుంది."

యేసుబాబు తలూపాడు.

"మావాళ్లిద్దరూ కూడా ఎవరి మాటా వినట్లేదు సిస్టర్" అన్నారు లాజరు గారు మెల్లగా. "మా మనవడూ అంతే" అంది మార్త. హెప్సిబా మళ్లీ నోరు తెరిచేలోపే, "అయితే సోమవారం నుంచి పిల్లల్ని మీ దగ్గరకే పంపిస్తాం" అంటూ అందరూ లేచారు.

మంగళవారం యేసుబాబు షాపు నుంచి వస్తూ హాజరు పట్టీ కొనుక్కొచ్చాడు.