పెళ్లికూతురి నంబరు

పెళ్లిరోజు పొద్దున సృజన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సిరీష పార్లర్‌లో తయారై పదకొండు గంటల ముహూర్తానికి బాన్సువాడ ఫంక్షన్ హాలుకు రావాలి. తను బాసికం కట్టుకుని బుద్ధిగా కూర్చోవాలి. రెండో పని కూడా అతనివల్ల కాలేదు.

పార్లర్ అతని చిన్నమ్మ కూతురు భాగ్యశ్రీది. అక్కడ వరుస అంటే గుమ్మం ముందు చెప్పుల వరుసే. మనుషులు లోపల ఫ్యాను కింద కూర్చుంటే, వాళ్ల బదులు చెప్పులు బయట నిలబడేవి. సాఫ్ట్‌వేర్ తమ్ముడు సృజన్‌కి అది నామోషీగా తోచి ఒక యాప్ రాసిచ్చాడు. పేరు కొడితే నంబరు రావాలి, ముందొచ్చిన పేరు ముందే ఉండాలి. దాన్ని ఆర్డర్డ్ డిక్షనరీ అంటారు, రెడీమేడ్‌గానే దొరుకుతుంది. రెడీమేడ్ వాడితే తన గొప్పేముందని సృజన్ సొంతంగా ఒక ప్రోగ్రాం ముక్క రాశాడు. అది ఎవరి పేరైనా తీసి చూపించాక, తిరిగి వరుస చివర పెడుతుంది. పరీక్షించిన రోజు అందులో ఉన్నది అతని పేరొక్కటే. ఒక్కడే ఉన్న వరుసలో చివరివాడూ మొదటివాడే గనుక, తనను తాను మెచ్చుకుని ఊరుకున్నాడు.

హాల్లో కూర్చుని ఫోన్‌లో సిరీష పేరు కొట్టాడు. నంబరు రెండు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. పద్నాలుగు! భాగ్యశ్రీకి ఫోన్ చేశాడు.

"అక్కా, సిరీష నంబరు వెన్కకు వోయిందేంది?"

"నన్నడుగుతవేందిరా? ఫోన్ల ఎవల పేరు పైకొస్తే ఆళ్లనే పిలుస్తున్న. చెప్పులున్నప్పుడే మంచిగుండె!"

ఫోన్‌లో భాగ్యశ్రీ వెనకనుంచి ఇంకో పెళ్లికూతురి తల్లి గొంతు ఖంగుమంది. "గిప్పుడే మూడుండె, చూస్తుండంగనే పదమూడాయె! మా నంబరు ఎవలకిచ్చినవమ్మా?"

పార్లర్‌లో అందరూ చూసుకుంటున్నారు, చూసినకొద్దీ వెనక్కి పోతున్నారు, పోయినకొద్దీ ఇంకా చూసుకుంటున్నారు. సృజన్ కూడా మాటిమాటికీ సిరీష పేరే కొడుతున్నాడు. యాప్ సరిచేద్దామంటే లాప్‌టాప్ నస్రుల్లాబాద్‌లో ఇంట్లో ఉంది. పంతులు గడియారం చూసుకున్నాడు. పెళ్లికొడుక్కి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో సిరీషే ఫోన్ చేసింది. "నువ్వు నా పేరు చూస్తున్నవా?"

"చూస్తనే ఉన్న! మస్తు ఫికరైతుంది."

"అందుకే గిట్లయింది! జడ ఏస్కుంటనని మా దేవీబాయి అవ్వ అందరికంటే ఆఖర్ల పేరిచ్చింది. ఆమెకు ఫోన్ లేదు, ఎవలూ ఆమె పేరు కొట్టలే. ఇప్పుడు కుర్చీల కూసుంది ఆమెనే! చూసినోళ్ల పేర్లు వెన్కకు వోతున్నయ్. ఇగ నువ్వు నన్ను చూడకు."

"మరేం జెయ్యాలె?"

సిరీష గొంతు తగ్గించింది. "మిగిలినోళ్లందర్నీ చూడు."

సృజన్ పని మొదలుపెట్టాడు. జాబితాలోని మిగతా పెళ్లికూతుళ్లను, వాళ్ల తల్లులను, వదినలను ఒక్కరినీ వదలకుండా చూశాడు. పక్కనే ఉన్న అక్క మొగుడు లింగం తొంగి చూసి అదిరిపడ్డాడు.

"ఏంది బామ్మర్ది, పెళ్లినాడు ఎవలెవలో ఆడోళ్ల పేర్లు కొడుతున్నవ్?"

"నా పెళ్లి కోసమే బావా!"

లింగం కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నాడు.

సిరీష ముహూర్తానికి అందుకుంది. అప్పటికే పార్లర్ గుమ్మం ముందు మళ్లీ చెప్పులు బారులు తీరాయట. జీలకర్ర బెల్లం పెట్టించి, తెర తీయించి, "ఇగ పిల్లను చూడు నాయనా" అన్నాడు పంతులు.

సృజన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చూస్తే ఏమవుతుందో తెలిసినవాడు మరి.