కూర్మమ్మ విడుదల

చీపురుపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే యుగంధర్, నరసన్నపేటలో ఉండే హేమ కలిసి ‘కెరటం’ అనే ఉచిత యాప్ తయారుచేశారు. గాలినీ అలలనూ బట్టి ఆ పూట వేటకు వెళ్లవచ్చో లేదో అది తెలుగులో పలికి చెబుతుంది. దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. ఆ ఉదయం టీ తాగుతూ యుగంధర్ చేయదలచుకున్నది ఒక్కటే పని: కొత్త వెర్షన్‌కు పేరు పెట్టి, ఆదివారం వస్తుందని చెప్పడం.

యాప్‌లో వినిపించే గొంతు హేమ మేనత్త కూర్మమ్మది. సముద్రం ఒడ్డున తన ఊరి బజారులో చేపలమ్మే ఆమె “ఈయేల ఎల్లొద్దు నాయనా” అంటే మొండివాళ్లు కూడా పడవ ఒడ్డుకు లాగేసేవారు. గౌరవంగా ఉంటుందని యుగంధర్ ఆమె పేరే ఖాయం చేశాడు. ఆమెను అడగాలని తోచలేదు. కంటి ఆపరేషన్‌కని ఆమె కొన్నాళ్లుగా విజయనగరంలో ఉంది. మత్స్యకారుల గ్రూపులో అతను పెట్టిన సందేశం ఇది: “కూర్మమ్మ ఆదివారం విడుదల. అందరికీ శుభాకాంక్షలు.”

కాసేపటికే హేమ ఫోన్ చేసింది. “ఏటి రాసినావు నువ్వు? మా అత్త జైల్లో ఉన్నాదని ఊరంతా అనుకుంతన్నారు!”

“జైలేటి? వెర్షన్ కదా!”

“నాకు తెలుసు. పడవలోలకి తెలుసా? అందుకేనా బజారుకి రాటం లేదని ఒకటే గుసగుసలు. గరివిడి నుంచి మా సిన్నాన్న వకీలుని ఎంటెట్టుకుని బయల్దేరినాడు.”

కంగారులో యుగంధర్ మరో సందేశం పెట్టాడు: “లోపాలు బయటపడినందున కూర్మమ్మ విడుదల వాయిదా.” కొత్త కేసులు బనాయించారని ఊరు నిర్ధారించుకుంది. అది తెలిసి మూడోది పెట్టాడు: “కూర్మమ్మ మనిషి కాదు. దయచేసి గమనించగలరు.”

ఆ తర్వాత ఫోన్ ఆపేశాడు.

ఆదివారం నల్లకళ్లద్దాలతో కూర్మమ్మ బస్సు దిగేసరికి జనం చుట్టుముట్టారు.

“లోన తిండి సరిగ్గా ఎట్టినారా, వదినా?” అని అడిగింది తోటి వ్యాపారి దేముడమ్మ.

“ఏం తిండి, ఉప్పే లేదు,” అంది కూర్మమ్మ, ఆసుపత్రి భోజనం తలచుకుని.

“కొట్టినారేటి?”

అప్పుడు గాని ఆమెకు అర్థం కాలేదు. జనాన్ని తప్పించుకుని ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రమే యుగంధర్ వెర్షన్‌లోంచి ఆమె పేరూ గొంతూ తీసేసి, యంత్రం గొంతు పెట్టాడు. మర్నాడు ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. “తప్పైపోనాదమ్మా. నీ పేరు తీసేసినాను. గొంతు కూడా తీసేసినాను.”

తిట్లకు సిద్ధపడే వచ్చాడు. ఆమె నెమ్మదిగా అంది: “పేరెట్టినపుడూ అడగలేదు, గొంతు తీసినపుడూ అడగలేదు. ఇపుడు నా గొంతు ఇనపడకపోతే, మల్లీ లోనకెల్లిపోనాదనుకోరా?”

అతను అక్కడే కూర్చుని గొంతు తిరిగి పెట్టాడు. పేరు మాత్రం ఆమె వద్దంది. తుపాను కాలానికి కొత్త హెచ్చరికలు చదివి ఇమ్మని అడిగితే, “ఇచ్చినకాడికి సాలు నాయనా,” అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా టీ ఇచ్చింది కానీ మాట ఇవ్వలేదు. పాత మాటలతోనే యాప్ నెట్టుకొస్తోంది.

తరువాతి వెర్షన్‌కు అంకె తప్ప పేరు లేదు. ప్రకటనను హేమా యుగంధర్ కలిసి, ఎక్కడా అపార్థానికి చోటు లేకుండా జాగ్రత్తగా రాశారు. దాన్ని ఎవరూ చదవలేదు.