తళతళలాడిన సీసా

శనివారం పొద్దున క్లెమ్ పెంగెల్లీ పెట్టుకున్న పని ఒక్కటే. దాల్చినచెక్క రోల్స్ చేసి, ఊరి హాలులో పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేయడం. టాస్మేనియాలోని టాలోబెన్ లాంటి ఊళ్లో మంటలార్పే దళమంటే జీతాల మీద బతికేవాళ్లు కారు. ఆపిల్ తోటల వాళ్లూ గొర్రెల వాళ్లూ కలిసి నెలకోసారి కసరత్తు చేస్తారు. తర్వాత కూచుని తింటారు. రెండోదే బాగా చేస్తారని క్లెమ్ అభిప్రాయం. తిండి తెచ్చేది వంతుల ప్రకారం. ఈ నెల వంతు లోర్నాది. లోర్నా క్లెమ్ భార్య. ఆమె పోయి రెండేళ్లయింది. వంతు మాత్రం పోలేదు. ఆ పేరు కొట్టేద్దామా అని ఒకసారి ఎవరో అడిగారు. క్లెమ్ చూసిన చూపుకి మళ్లీ ఎవరూ అడగలేదు.

లోర్నా వెనక వదిలి వెళ్లింది ఒక పులిసిన పిండి సీసా. పొయ్యి పక్క గట్టు మీద ఉంటుంది. పెరుగుకి తోడు దాచుకున్నట్టే రొట్టెకి అది తోడు, తల్లిపిండి. రోజూ దానికి ఇంత పిండీ ఇన్ని నీళ్లూ పెట్టాలి. పెట్టేముందు పాతది కొంత తీసేయాలి, లేకపోతే సీసా దాటి పొంగుతుంది. ఆ తీసేసిన మిగులు పారేయకుండా లోర్నా ఫ్రిజ్‌లో ఇంకో సీసాలో వేసేది. దానితో అట్లో, రోల్సో చేసేది. "తల్లిపిండి అడుగున ఒక్క చెంచాడైనా ఎప్పుడూ ఉంచు, క్లెమ్" అని ఆసుపత్రి మంచం మీద కూడా చెప్పింది. మొగుడికి చెప్పడానికి ఆ సమయంలో అంతకన్నా మంచి మాట దొరకలేదా అని అతనికి కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

బార్లో క్లెమ్ ఆ పిండిని 'పుల్లటి జిగురు' అంటాడు. ఏదో ఒకరోజు తూములో పోసేస్తానంటాడు. ఊరంతా నమ్మింది. ఇంట్లో మాత్రం తను టీ తాగకముందే దానికి తిండి పెడతాడు. లోర్నా పోయాక గోడ గడియారం ఆగిపోయింది, గులాబీలు ఎండిపోయాయి, కుక్క కూడా పోయింది. ఆమె చేతిలోంచి వచ్చి ఇంకా ఊపిరి తీస్తున్నది ఆ సీసా ఒక్కటే. ఈ సంగతి క్లెమ్ ఎవరికీ చెప్పలేదు. చెప్పేకంటే నాలుక కోసుకుంటాడు.

ఈ రోల్స్‌తో ఒక సుఖం ఉంది. పిండి పొంగేదాకా కాచుకు కూచోనక్కర్లేదు. పొంగించే పని బేకింగ్ పౌడర్ చూసుకుంటుంది, మిగులు పిండి రుచి కోసమే. కలపడం, ఒత్తడం, వెన్న పూసి పంచదారా దాల్చినచెక్క పొడీ చల్లడం, చుట్టి కోయడం. అంతే. కాకపోతే మొన్న అట్లు పోసుకోవడంతో ఫ్రిజ్‌లో మిగులు తగ్గింది. క్లెమ్ తల్లిపిండి సీసా కూడా వంచి, అడుగున చెంచాడు ఉంచి, మిగతాది కలిపేశాడు. అంతవరకూ తప్పేమీ లేదు.

తప్పు తర్వాత జరిగింది. పెళ్లాం ఉన్నన్నాళ్లూ ఒక్క గ్లాసు కడగని మనిషి, ఆమె పోయాక కడగడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆపలేదు. తిన్న పళ్లెం చల్లారకముందే కడుగుతాడు. ఆ పొద్దున కూడా కెటిల్లో నీళ్లు మరగకాచి, గిన్నెలూ, గరిటెలూ, సీసాలు రెండూ తళతళలాడేలా తోమి బోర్లించాడు. తన పనితనానికి తనే మురిసిపోయి, రెండు ట్రేల పచ్చి రోల్స్ బండిలో పెట్టుకుని బయల్దేరాడు. ఇంట్లో ఓవెన్ తలుపు ఊడిపోయింది. కాల్చేది హాలులోనే.

హాలు వంటగది నోయెలీన్ ట్రెగియర్ రాజ్యం. ఆమెది క్లెమ్ పొలం పక్క పొలం. మధ్యలో కంచె ఒకటి, పగ ఒకటి. చాలా ఏళ్ల కిందట ఊరి ప్రదర్శనలో రొట్టెల పోటీకి తీర్పరిగా కూచుని నోయెలీన్ లోర్నా రొట్టెకి రెండో బహుమతి ఇచ్చింది. కారణం చీటీ మీద రాసింది: 'కాస్త గట్టిగా ఉంది.' లోర్నా నవ్వేసింది. క్లెమ్ నవ్వలేదు.

"రావయ్యా క్లెమ్. పొద్దున్నే నిమ్మకాయ నమిలొచ్చావా, ఆ మొహమేంటి?" అంది నోయెలీన్.

"ట్రేలు రెండు. ఓవెన్‌లో పెట్టు. చాలు."

"లోర్నా పిండేనా?"

"మిగులుతో చేశా. ఆ పుల్లటి జిగురు ఎలాగోలా వదిలించుకోవాలిగా."

నోయెలీన్ అటు తిరిగి, తనలో తను గొణుక్కుంది. "గట్టిగా రాకపోతే అదే పదివేలు."

క్లెమ్ విన్నాడు. కిటికీ అద్దాలు గలగలలాడేలా తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని, ఒక చేత్తో పిండీ ఇంకో చేత్తో నీళ్లూ పట్టుకుని, తల్లిపిండికి తిండి పెడదామని గట్టు దగ్గరికి వెళ్లాడు. సీసా బోర్లా ఉంది. తళతళలాడుతోంది. క్లెమ్ దాన్ని ఎత్తి చూశాడు. లోపల తన ముక్కు తప్ప ఏమీ కనిపించలేదు. ఫ్రిజ్ సీసా చూశాడు. అదీ అంతే. తూము మూత తీసి వేలు పెట్టాడు. మరిగిన నీళ్లలో పోయింది ఇక రాదు. కాసేపటికి అతనికి ఒక్క ఆశ మిణుకుమంది. రోల్స్ ఇంకా పచ్చిగా ఉంటే, వాటిలో లోర్నా ఉంది. ఒక్క రోల్ చాలు. పిండీ నీళ్లూ పెట్టి మళ్లీ బతికించుకోవచ్చు.

ఫోన్ చేసేటప్పుడు చెవి మిషన్ కీచుమంటుందని తీసి బల్ల మీద పెట్టి, ఫోన్ గొంతు చివరిదాకా పెంచాడు. హాలులో ఫోనెత్తింది దళం పెద్ద డారిల్.

"డారిల్, ఆ రోల్స్ ఓవెన్‌లో పెట్టొద్దని చెప్పు!"

"మొదటి ట్రే అయిపోయింది క్లెమ్. వేడివేడిగా లాగించేశాం. అదిరిపోయాయి! రెండోది ఇప్పుడే పెట్టింది నోయెలీన్."

"బయటికి తీయించు! ఇప్పుడే!"

"ఏం, ఏమైంది?"

ఏమైందో చెప్పాలంటే, తూములో పోస్తానన్న జిగురు కోసం పొద్దున్నే ప్రాణం విలవిల్లాడుతోందని చెప్పాలి. డారిల్‌కి చెబితే బార్‌కి చెప్పినట్టే. క్లెమ్ కళ్లు బల్ల మీద పడ్డాయి. కళ్ల ముందు ఏముందో నోట్లోంచి అదే వచ్చింది.

"నా చెవి మిషన్ బ్యాటరీ అందులో పడిపోయింది."

అవతల ఫోన్ కింద పడిన చప్పుడు, పరుగుల చప్పుడు.

క్లెమ్ మిషన్ చెవికి తగిలించుకుని బండెక్కాడు. దారిలో గుర్తొచ్చింది. బ్యాటరీ రోల్స్‌లో పడిందన్నవాడి చెవి మిషన్‌లో బ్యాటరీ ఉండకూడదు. బ్యాటరీ ఊడదీసి బండి కిటికీలోంచి బ్లాక్‌బెర్రీ పొదల్లోకి విసిరేశాడు. అబద్ధాన్ని అంత శుభ్రంగా కడిగినందుకు కాస్త తృప్తి కూడా పడ్డాడు.

హాలు ముందు కంకర మీద తెల్లగా, మోకాలెత్తున ఒక గుట్ట. దాని చుట్టూ హెల్మెట్లు పెట్టుకున్న దళం. డారిల్ చేతిలో ఇంకా గొట్టం ఉంది. క్లెమ్‌కి వినిపించదని తెలుసు కాబట్టి గొంతు చించుకుని అరిచాడు.

"భయపడకు క్లెమ్! ఇవాళ కసరత్తే బ్యాటరీ మంటల మీద! వేడెక్కితే పేలుతుందని ట్రే బయటికి లాగి నురగ కొట్టేశాం! ఒక్క రోల్ కూడా వదల్లేదు!"

క్లెమ్ ఆ నురగ గుట్ట వైపు చూశాడు. దాని అడుగున ఎక్కడో లోర్నా ఉంది. సబ్బు నీళ్లలో నాని, తీపి బురదలా కంకరలోకి ఇంకిపోతోంది. మోకాళ్ల మీద కూచుని చెయ్యి పెట్టాడు. వేళ్లకి తగిలింది నురగే.

"పాపం, బ్యాటరీ కోసం ఎంత బెంగపడుతున్నాడో చూడు" అన్నాడెవరో.

ఈలోగా ఊరి అంబులెన్స్ చూసుకునే షెరిల్ వచ్చి, మొదటి ట్రే తిన్నవాళ్లని చేతులెత్తమంది. అందరూ ఎత్తారు. డారిల్ రెండు చేతులూ ఎత్తాడు.

"నవ్వులాటగా ఉందా? ఆ బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే కండ కాలిపోతుంది! పట్నం ఆసుపత్రికి పదండి, అందరికీ ఎక్స్‌రే తీయించాలి. అప్పటిదాకా గొంతు కాలకుండా వరసగా నిలబడి తేనె మింగండి!"

అడవి మంటల్లోకి నడిచివెళ్లే మగాళ్లూ ఆడాళ్లూ హాలు గోడకి వరసగా నిలబడి, పక్షిపిల్లల్లా నోళ్లు తెరిచారు. షెరిల్ చెంచాతో తేనె పోసుకుంటూ వెళ్లింది. దళమంతా ఆసుపత్రికి పోతే ఊరికి దిక్కెవరు? డారిల్ ఏడుపు గొంతుతో పైవాళ్లకి రేడియోలో చెప్పాడు. పైవాళ్లు పక్క ఊరు డన్‌కారీ దళాన్ని పంపారు. టాలోబెన్ వాళ్లకి మంటలన్నా పడదు, డన్‌కారీ అన్నా పడదు. ఆ రెంటిలో మంటలే నయం.

డన్‌కారీ బండి సైరన్ మోగించుకుంటూ వచ్చి ఆగింది. మోగించాల్సిన అవసరం లేదు. వాళ్ల పెద్ద కిందికి దిగి, తేనె కారుతున్న మూతుల వరసని తీరిగ్గా చూశాడు.

"రోల్స్ దెబ్బకి దళం మొత్తం పడిపోయిందట గదా డారిల్? మీరు నిశ్చింతగా వెళ్లిరండి. మీ ఊరిని మేం చూసుకుంటాం."

డారిల్ మొహం అప్పటిదాకా తేనె రంగులో ఉండేది. ఇటుక రంగుకి తిరిగింది.

క్లెమ్ నిజం చెబుదామని నోరు తెరిచాడు. రెండు ఊళ్ల దళాలూ అతని వైపు చూశాయి. నోరు మూసుకున్నాడు. బ్యాటరీ దొరికిందని అందామన్నా చూపించడానికి కావాలి గదా. అది పొదల్లో ఉంది.

వంటగది గుమ్మంలో నిలబడి నోయెలీన్ అతన్నే చూస్తోంది. పొద్దున తను గొణుక్కున్న మాట విని తలుపు విసిరికొట్టి పోయిన మనిషి ఇతను. అప్పుడు బాగా పనిచేసిన చెవిలోని బ్యాటరీ, అంతకుముందే ట్రే ఎక్కిన రోల్స్‌లోకి ఎలా వెళ్తుంది? ఆమె ఒక్క నిట్టూర్పు విడిచింది. జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చి, మెట్లు దిగి, నురగ గుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది.

"దొరికింది!" అని బిళ్ల పైకెత్తి చూపించింది.

కేకలు, చప్పట్లు. షెరిల్ తేనె సీసాకి మూత పెట్టింది. డారిల్ డన్‌కారీ బండికి చెయ్యి ఊపి, ఇక దయచేయమన్నాడు. వాళ్లు మాత్రం తీరిగ్గా టీ అడిగారు. ఆ సందట్లో నోయెలీన్ క్లెమ్ రెక్క పట్టుకుని హాలు వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి లాక్కుపోయింది, ఎవరూ వినకూడదని.

కానీ ఇప్పుడు క్లెమ్ చెవిలో బ్యాటరీ లేదు. నోయెలీన్ చెవి మిషన్‌లోదీ లేదు, ఆమె నురగలో దొరికిందని చూపించింది అదే. రహస్యం మాట్లాడుకుందామని వెళ్లిన ఇద్దరూ లోయ అవతలికి వినపడేలా మొదలుపెట్టారు.

"ఎందుకయ్యా ఇంత నాటకం?" అంది నోయెలీన్.

"ఏంటీ?"

"నాటకం! ఎందుకూ అంటున్నా!"

"సీసాలు కడిగేశా!"

"కడిగితే?"

"తల్లిపిండి పోయింది! మొత్తం! పచ్చి రోల్ ఒక్కటి దొరికితే బతికించుకుందామనుకున్నా! లోర్నాది బతికున్నది అదొక్కటే నోయెలీన్! అదొక్కటే!"

హాలు ముందు మాటలాగిపోయాయి. షెరిల్ చెంచా దించింది. డారిల్ హెల్మెట్ తీశాడు. అది చూసి డన్‌కారీ వాళ్లు కూడా తీశారు.

నోయెలీన్ ఇంకా గట్టిగా అరిచింది.

"అది లోర్నాది కాదయ్యా!"

"ఏంటీ?"

"నాది! ప్రతి చలికాలం లోర్నా పిండి చచ్చిపోయేది! తిండి పెట్టడం మర్చిపోయేది! మా ఇంటికొచ్చి గిన్నెడు పట్టుకెళ్లేది! ఆఖరి చలికాలం కూడా పట్టుకెళ్లింది!"

"అబద్ధం!"

"సీసాకి నీలం మూత ఉందా లేదా? అది నా జామ్ సీసా!"

క్లెమ్ ఆ మూతని తలచుకున్నాడు. నీలమే. రోజూ పొద్దున భక్తిగా తిప్పి తీసే మూత.

"నాకెందుకు చెప్పలేదు తను?"

"చెబితే బతకనిస్తావా? పోటీలో ఓడినందుకే నాతో మాట మానేసినవాడివి! మేమిద్దరం నిన్ను తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో నీకేం తెలుసు!"

క్లెమ్ మొహం ఎర్రబడింది. వెతగ్గా వెతగ్గా కోప్పడడానికి అతనికి ఒక చోటు దొరికింది.

"అయితే ఆ రొట్టె నీ పిండిదేగా! నీ పిండికి నువ్వే రెండో బహుమతి ఇచ్చావా? గట్టిగా ఉందని రాశావా?"

"పిండి నాదే! పిసికింది తను!"

హాలు ముందు నుంచి నవ్వులు వినిపించాయి. ఆ ఇద్దరికీ వినపడలేదు. వినపడి ఉంటే క్లెమ్ ఆ తర్వాతి మాట అంత గట్టిగా అని ఉండేవాడు కాదు.

"నీ పిండి నాకక్కర్లేదు! ఆకలికి చస్తా గానీ ముట్టుకోను!"

ఇంటికెళ్లి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే కంచె గుంజ మీద నీలం మూత సీసా ఒకటి ఉంది. పక్కన ఎవరూ లేరు. క్లెమ్ కర్టెన్ వేసేశాడు. కాసేపాగి తీశాడు. ఎండ తగిలి లోపలి పిండి బుడగలు కడుతోంది. అంచుదాకా ఎగదన్నుతోంది. ఇంకాసేపు అక్కడే ఉంచితే పొంగి గుంజంతా పాడుచేస్తుంది. ఆ గుంజలో సగం తనది.

లోపలికి తెచ్చి, పొయ్యి పక్క గట్టు మీద పెట్టి, మిగులు తీశాడు. అడుగున చెంచాడు కాదు, రెండు చెంచాలు ఉంచాడు. నోయెలీన్‌తో మాట మాత్రం కలపలేదు. రెండో బహుమతి సంగతి ఇంకా తేలలేదు.

అప్పట్నుంచి క్లెమ్ పెంగెల్లీ రోజూ పొద్దున్నే లేచి, ముందు పగవాళ్ల పిండికి పెట్టి, తర్వాత తను టీ తాగుతున్నాడు.