దివంగత చిన్నారావు రాక

ఆ ఆదివారం ఉదయం ఉదయశంకర్ పెట్టుకున్న పనులు రెండే. కాఫీ తాగుతూ ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయడం, ఆ తర్వాత కాశీబుగ్గ మార్కెట్టుకెళ్లి వంకాయలు తేవడం. రెండో పని నిర్విఘ్నంగానే జరిగింది.

శంకర్ పలాసలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చేసరికి అతనికి బాల్యం మీద మమకారం హెచ్చింది. కానీ అతని ఈడువాళ్లంతా అప్పటికే ఫేస్‌బుక్‌లో గోలీలు ఆడేశారు, తాటిముంజెలు తినేశారు, ఏట్లో ఈతలు కొట్టేశారు. అతనికి మిగిలింది ఒక్కటే, ఇంగ్లీషు రాక్ సంగీతం. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మేనమామ సెలవులకి వచ్చినప్పుడల్లా టేప్‌రికార్డరూ క్యాసెట్లూ తెచ్చేవాడు. భుజాల దాకా జుట్టు పెంచిన గాయకులు గొంతు చించుకుంటుంటే చిన్న శంకర్‌కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ ఒళ్లు ఝల్లుమనేది. బ్యాటరీలు నీరసించి పాట సాగిపోతే అదే అసలు బాణీ అనుకుని అలాగే నేర్చుకున్నాడు. తండ్రి వేంకటాచలం గారు పురోహితులు. పెరట్లో కొడుకు అరుపులు విని, "అది ఏ వేదశాఖరా? స్వరం తేడాగా ఉంది గానీ, ఊపిరి బాగా నిలుస్తోంది" అన్నారు.

ఇంతవరకూ నిజం. రాసి చూసుకుంటే చప్పగా అనిపించింది. పైన చిటికెడు ఉప్పు వేశాడు: "జీడితోటల్లో మా గిటార్లు మోగుతుంటే ఉద్దానం ఊగిపోయేది."

నిమిషాల్లో ఎవరో అడిగారు, "మీకు బ్యాండు ఉండేదా సార్?" అని. అవునంటే అబద్ధం, కాదంటే నామోషీ. అందుకని నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, సంచీ పుచ్చుకుని మార్కెట్టుకి పోయాడు.

తిరిగొచ్చేసరికి భార్య నాగశ్రీ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటండీ, మీకు గిటారొచ్చా?"

"వచ్చని ఎక్కడ రాశాను?"

"మన పెళ్లి ఊరేగింపులో మీ చప్పట్లే తాళానికి పడలేదని మా నాన్న ఇప్పటికీ చెప్తారు."

"అది పెళ్లి. ఇది సాహిత్యం," అని వంకాయలు ఆమె చేతిలో పెట్టాడు.

సోమవారం ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఢిల్లీబాబు ఎదురొచ్చి దండం పెట్టాడు. అతనిది అక్కుపల్లి. అక్కడి యువజన సంఘానికి గౌరవాధ్యక్షుడు.

"సార్! ఇంత పెద్ద కళాకారుణ్ణి పక్కసీట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ గుర్తుపట్టనేదండి. వచ్చే ఆదివారం మా బీచిలో సముద్ర సంబరాలండి. మీరొచ్చి గిటారు కొట్టాల. కాదంటే ఒప్పుకోను."

నాకు రాదు అంటే అక్కడితో పోయేది. కానీ ఆడిట్ సెక్షన్ వాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. ఉద్యోగంలో చేరాక అతనివైపు ఎవరూ అలా చూడలేదు.

"ఒక్కణ్ణే ఎలా కొడతానయ్యా? రాక్ అంటే డ్రమ్ముండాలి కదా."

"అలగైతే మీ డ్రమ్మరు గారిని కూడా పిలుద్దారండి. ఎవరండి ఆయన?"

"లేడు," అన్నాడు శంకర్.

డ్రమ్మరన్నవాడే లేడని అతని ఉద్దేశం. కానీ ఆ మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉంది. ఢిల్లీబాబు ముఖం వాడిపోయింది.

"అయ్యో! ఎప్పుడు పోనారండీ?"

శంకర్ దిద్దబోయాడు. అంతలోనే, డ్రమ్మరు పోతే కచేరీ కూడా పోతుంది కదా అని తోచింది. తల దించుకుని, "చాలా ఏళ్లయింది" అన్నాడు.

"పేరేటండీ?"

"చిన్నారావు. మందస వైపు."

ఉద్దానంలో ఆ పేరు పెట్టి కేకేస్తే బస్సులో సగం మంది తిరిగి చూస్తారు. అందుకని ఏమీ చెప్పనట్టే లెక్క అనుకుని ఫైలు తెరిచాడు.

కచేరీ రద్దు కాలేదు, సంస్మరణ సభగా మారింది. సంఘం కుర్రాళ్లు మందస వెళ్లి, పాటల పిచ్చి ఉండి ఇప్పుడు ఊళ్లో కనబడని చిన్నారావు ఎవరని వాకబు చేస్తే, ఎవరో ఒక పాత పెళ్లి ఫొటో ఇచ్చారు. మర్నాటికి మందస బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. ఒకవైపు తోలుకోటు తొడుక్కున్న ఎవరిదో ఒంటి మీద శంకర్ తల. రెండోవైపు పూలదండలో చిన్నారావు: "డ్రమ్ముల సింహం, కీర్తిశేషులు."

ఆ చిన్నారావు ఊళ్లో లేని మాట నిజమే. బరంపురంలో జీడిపప్పు వ్యాపారం చేసుకుంటున్నాడు. కొబ్బరికాయలమ్ముకుని బస్సు దిగిన అతని అక్క వరహాలమ్మ ఫ్లెక్సీ చూసి, రోడ్డు మీదే కూలబడి శోకాలు మొదలెట్టింది. అయినవాళ్లకి కబురు చెబుదామని ఎవరో ఆమె ఫోను తీసుకుని మొదటి నంబరు నొక్కారు.

"బాబూ, చిన్నారావు పోనాడు. మీరాయనకి ఏటవుతారు?"

"నానెప్పుడు పోనాను?" అన్నాడు దివంగతుడు.

ఈ ఫోను సంగతి తెలియని శంకర్ ఆదివారం సాయంత్రం అక్కుపల్లి వెళ్లాడు. ఇసుకలో వేదిక, తాటిచెట్టంత సౌండు బాక్సులు, ఊరంతా జనం. చేతిలో అద్దె గిటారు పెట్టారు. అతను దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మైకు ముందు నిలబడ్డాడు. అప్పటికే ఉపాయం ఆలోచించుకున్నాడు.

"చిన్నారావు లేని గిటారు నాకు గిటారు కాదు," అన్నాడు గొంతు వణికిస్తూ. "వాడి డ్రమ్ము వినబడనిదే నా వేళ్లాడవు. నన్ను క్షమించండి." ఇసుకగాలి కంట్లో పడి నీళ్లు కూడా సమయానికి వచ్చాయి. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గండం గడిచిందనుకున్నాడు.

"ఎవుడ్రా నన్ను సంపేసింది?"

జనం చీలిపోయారు. వెనక వరహాలమ్మ, ముందు లుంగీ ఎగ్గట్టిన చిన్నారావు. శంకర్ గిటారు అడ్డం పెట్టుకున్నాడు. ఇక నిజం ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

కానీ చిన్నారావు వేదిక మెట్ల దగ్గర ఆగిపోయాడు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీలో నిలువెత్తు తన బొమ్మ చూశాడు. కింద రాసింది కూడబలుక్కుని చదివాడు. తన వైపు లేచిన వందల సెల్‌ఫోన్లు చూశాడు. పొంగే పాల మీద నీళ్లు చిలకరించినట్టు కోపం దిగిపోయింది. గబగబా ఎక్కి శంకర్‌ని కావలించుకున్నాడు.

"నువ్వెవుడివో నాకు తెల్దు. నోరు మూసుకో," అన్నాడు చెవిలో. తర్వాత మైకందుకున్నాడు.

"నాను పోనేదు బాబూ! ఇలాటి అభిమానులుండగా ఎలగ పోతాను?"

బీచి దద్దరిల్లింది. చిన్నారావు అరగంట మాట్లాడాడు. బ్యాండు పెట్టింది తనేనట. జీడిపిక్కలు కాల్చే పీపాని డ్రమ్ముగా మార్చింది తనేనట. తను కొట్టిన దెబ్బకి మందస కొండల్లో ఎలుగుబంట్లు సైతం ఊరొదిలిపోయాయట.

"మరి శంకర్ గారేటి వాయించీవోరండీ?" అని అడిగాడు ఢిల్లీబాబు.

చిన్నారావు శంకర్‌ని జాలిగా చూశాడు. "పాపం, మంచోడు. బ్యాటరీలు మార్సీవోడు. వైర్లు సుట్టీవోడు."

శంకర్ మైకు లాక్కున్నాడు. "అబద్ధం! అసలు బ్యాండే లేదు! ఈయనెవరో నాకు తెలీదు! నేను విన్నది మా మామయ్య క్యాసెట్లు, అంతే!"

"ఇప్పుడేగదండీ ఆయన కోసం ఏడ్సినారు," అన్నాడు ఢిల్లీబాబు నొచ్చుకుని.

"నేస్తం బతికొత్తే ఈ కుళ్లేటి నాయనా?" అంది వరహాలమ్మ. జనం ఆమె వైపే ఉన్నారు. జీవితంలో మొదటిసారి సభలో నిజం చెప్పినవాడికి ఈలలు పడ్డాయి, దిగమని.

చిన్నారావు రెండు కర్రలు తీసుకుని నీళ్ల పీపా మీద విరుచుకుపడ్డాడు. తాళం ఎక్కడా లేదు. అయినా ఊరంతా ఎగిరింది. శంకర్‌కి కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి, ఈసారి ఇసుక లేకుండానే. పెరడూ, సాగిన పాటా, తండ్రి మాటా ఎవరూ అడగలేదు. అడిగితే ఎంత బాగా చెప్పేవాడో!

సభ ముగిసింది. శాలువా చిన్నారావు భుజాలెక్కింది. శంకర్ స్కూటరు వైపు జారుకుంటుంటే ఢిల్లీబాబు ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. క్షమాపణ చెప్పడానికేమోనని శంకర్ ఆగాడు.

"ఏటనుకోకండి సార్. సౌండోలు తొందరపడతన్నారు. ఆ వైర్లు కాస్త సుట్టి ఎల్తారేటి?"

శంకర్ వేదిక వైపు చూశాడు. చిన్నారావు చెయ్యి ఊపాడు. చేసేది లేక వెనక్కొచ్చి, ఇసుకలో కూర్చుని, ఒక్క చిక్కు లేకుండా అన్నీ చుట్టాడు.

అనుభవం ఎక్కడికి పోతుందని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.